1089 కాదు, 1102

పోయిన సెమిస్టర్ ఐసీ ఇంజిన్స్ ల్యాబ్ వైవాలో మా సారు నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. రికార్డు తెరిచి, "ఈ ఇంజిన్ బోరు 80 మిల్లీమీటర్లని రాశావు. నువ్వు కొలిచావా?" అన్నారు. నేను నేల చూపులు చూశాను. కొలవలేదు. సీనియర్ రికార్డులోంచి దించాను. ఆయన రాసినప్పుడు ల్యాబ్‌లో ఉన్నది పాత ఇంజిన్. మధ్యలో దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. కొత్తదాని ప్లేటు మీద 87.5 అని కళ్ళకు కనపడేటట్టు రాసి ఉంది. నేను దాని పక్కనే నిలబడి, దాని మీదే రీడింగులు తీసుకుని కూడా, రికార్డులో మాత్రం లేని ఇంజిన్ గురించి రాశాను.

"సరేలే, నీకు బాగా తెలిసిన ఇంజిన్ ఏదైనా చెప్పు" అన్నారు సారు, జాలిపడి. నేను వెంటనే "ఫియట్ సార్! బోరు 68, స్ట్రోక్ 75, 1089 సీసీ" అన్నాను. మెకానిక్ కొడుకుని, ఆ మాత్రం రాదా? "బాగుంది. బోరు కన్నా స్ట్రోక్ ఎందుకు ఎక్కువ పెట్టారు?" ఇది రెండో ప్రశ్న. మళ్ళీ నేల చూపులే.

ఆ రోజు మార్కులు పోయాయి, అది వేరే సంగతి. కానీ ఆ రెండు ప్రశ్నలు నాతోపాటు బస్సెక్కి మా ఊరికి వచ్చాయి.

డాక్టరు గారి కారు

మాది బేస్తవారిపేట. గిద్దలూరు రోడ్డు పక్కన మా నాయనకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. ఇప్పుడు వచ్చేవన్నీ ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు. కానీ షెడ్డు వెనక వేపచెట్టు కింద ఒక ప్రీమియర్ పద్మిని నిలబడి చాలా ఏళ్ళయింది. అది ఒక డాక్టరు గారిది. ఆయన చనిపోయాక వాళ్ళ పిల్లలు "మాకెందుకన్నా, నువ్వే ఉంచుకో" అని మా నాయనకు వదిలేశారు. మా ఊళ్ళో దాన్ని పద్మిని అని ఎవరూ అనరు. ఫియట్ అంటారు, లేదంటే డాక్టరు గారి కారు అంటారు.

ఈ వేసవిలో పాత ఇనుము కొనే ఆయన వచ్చి రేటు చెప్పిపోయాడు. మా నాయన నా వైపు తిరిగి, "ఏందిరా, అమ్మేద్దామా, బాగు చేద్దామా? ఇంజినీరు చదువుతున్నావుగా, నువ్వే చూసి చెప్పు" అన్నాడు. అమ్మితే వచ్చే డబ్బు నా ఫీజులో కలిసొస్తుంది. బాగు చేస్తే, మళ్ళీ రోడ్డెక్కితే, ఆ ఆనందం వేరు. చెప్పాలంటే ముందు ఆ కారేంటో తెలియాలి కదా. అట్లా నేను దాని వెనక కథ వెతకడం మొదలుపెట్టాను. నాకు దొరికింది ఒక కారు కథ మాత్రమే కాదు, నా రికార్డు కథ కూడా.

టొరినోలో ఏం చేశారు?

ఇటలీలో టొరినో అనే ఊళ్ళో ఫియట్ కంపెనీ ఉంది. అక్కడ దాంతే జకోసా అనే ఇంజినీర్ ఉండేవాడు. 1905లో పుట్టాడు. 1936లో వచ్చిన బుల్లి కారు తొపొలీనో, 1957లో వచ్చిన ఫియట్ 500, రెండూ ఆయన చేతి కింద తయారైనవే. మన కథకు కావాల్సింది ఆయన ఇంకో కారు.

1932లో ఫియట్ వాళ్ళు బలిల్లా అనే కారు తెచ్చారు. 995 సీసీ ఇంజిన్. దాని వాల్వులు సిలిండర్ పక్కన, బ్లాకులో ఉండేవి. దీన్ని సైడ్ వాల్వ్ అంటారు. తయారు చేయడం తేలిక, కానీ గాలి లోపలికి వంకర తిరిగి వెళ్ళాలి. ఐదేళ్ళకు, 1937లో, అదే కారును కొత్తగా తీర్చిదిద్దారు. ఇంజిన్‌ను 1089 సీసీ చేశారు. వాల్వులను హెడ్‌లోకి, అంటే సిలిండర్ నెత్తి మీదికి తెచ్చారు. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇచ్చారు. 68 × 75 అనే లెక్క పుట్టింది అప్పుడే. మన షెడ్డులో వేపచెట్టు కింద ఉన్న ఇంజిన్ వంశవృక్షం 1937 దాకా పోతుంది! నాకు ఇది తెలిసిన రోజు రాత్రి వెళ్ళి మళ్ళీ ఒకసారి బోనెట్ ఎత్తి చూసొచ్చాను.

1953లో జెనీవా మోటార్ షోలో 1100/103 వచ్చింది. ఇంజిన్ మూలం పాతదే, కానీ ఒళ్ళు పూర్తిగా కొత్తది. అంతకుముందు 1100కు కింద ఛాసిస్ విడిగా ఉండేది, దాని మీద బాడీ కూర్చునేది. ఎడ్లబండి చట్రం మీద గూడు కట్టినట్టు. కొత్త కారులో ఆ చట్రం తీసేశారు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డు చేస్తే ఆ డొల్లే బరువు మోస్తుంది. అగ్గిపెట్టె పలచటి అట్టే కదా, అయినా మూసి ఉన్నప్పుడు మెలితిప్పడం కష్టం. ఒక పక్క చింపి చూడండి, వెంటనే మెత్తబడిపోతుంది. మోనోకాక్ రహస్యం అంతే. బరువు తగ్గుతుంది, బిగువు పెరుగుతుంది. కానీ ఒక షరతు ఉంది: డొల్లలో ఏ భాగమూ తుప్పు పట్టకూడదు. ఈ షరతు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

మొదట్లో దాని శక్తి సుమారు 36 హార్స్‌పవర్. తర్వాత వాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1962లో 1100 డి వచ్చింది. 1966లో 1100 ఆర్ వచ్చింది. అందులో ఇంజిన్ అదే 1089 సీసీ, కానీ శక్తి 48 దాకా పెరిగింది, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. 1969లో మొత్తం ఆ కారునే పక్కన పెట్టి ఫియట్ 128 తెచ్చారు. ఇంజిన్ అడ్డంగా, దాని పక్కనే గేర్‌బాక్స్, శక్తి ముందు చక్రాలకు. ఈ అమరికను జకోసా ముందుగా 1964లో ఆటోబియాంకి ప్రిములా అనే కారులో పరీక్షించి చూసుకున్నాడు. పరీక్షించాక 128లో పెట్టాడు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఈ అమరికతోనే ఉన్నాయి.

గమనించారా? 1932, 1937, 1953, 1962, 1966, 1969. ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇది ఇట్లాగే ఎందుకుండాలి?" అని అడిగారు. అడిగినవాళ్ళే మార్చారు.

బొంబాయికి ఎలా వచ్చింది?

ఇప్పుడు మన వైపు వద్దాం. వాల్‌చంద్ హీరాచంద్ పేరు మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. విశాఖపట్నంలో ఓడల కర్మాగారం ఆయన పెట్టిందే. 1941 జూన్‌లో బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన జల ఉష అనే ఓడను 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించారు. అదే వాల్‌చంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. బొంబాయి కుర్లాలో ఫ్యాక్టరీ. మొదట్లో అమెరికా క్రైస్లర్ వాళ్ళ కార్లు, లారీలు బిగించేవారు. 1950ల మొదట్లో ఫియట్‌తో చేతులు కలిపారు. 1954లో 1100 ఇక్కడ తయారవడం మొదలైంది.

దానికి ముందే, 1953లో, ప్రభుత్వం ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. బయటి నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ నట్లు బిగించి అమ్ముతామంటే కుదరదు, క్రమంగా అన్ని భాగాలూ ఇక్కడే తయారు చేసే ప్రణాళిక ఉన్నవాళ్ళే ఉండాలి అని. జనరల్ మోటార్స్, ఫోర్డ్ తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోయాయి. మిగిలిన కొద్దిమందిలో ప్రీమియర్ ఒకటి.

1964లో 1100 డి మన దగ్గర "ఫియట్ 1100 డిలైట్" అయింది. 1970ల్లో పేరు మొదట ప్రీమియర్ ప్రెసిడెంట్ అని, తర్వాత 1974లో చిత్తోడు రాణి పేరు మీద ప్రీమియర్ పద్మిని అని మారింది. పేర్లు మారాయి, బొమ్మ మారలేదు. అవే గుండ్రటి దీపాలు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వెనక కమాన్ పట్టీలు. సుమారు 40 హార్స్‌పవర్. ఇటలీలో 1969లో ఆగిపోయిన కారు మన దగ్గర 2000 దాకా తయారైంది. ముంబైలో ఆ నలుపు-పసుపు టాక్సీలు 2023 అక్టోబర్ 30న గానీ రోడ్డు దిగలేదు.

ఒక విచిత్రం ఏంటంటే, ఇటలీలో ఇది మామూలు మధ్యతరగతి కుటుంబం కొనుక్కునే కారు. మన దగ్గర ఇది పెద్దమనుషుల కారు. ప్లీడరు, డాక్టరు, కాంట్రాక్టరు, కంపెనీ మేనేజరు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గానీ చేతికి రాదు. కారు ఒకటే. దాన్ని ఎగ్జిక్యూటివ్ కారుగా మార్చింది ఇంజినీరింగ్ కాదు, కొరత.

సీనియర్ రికార్డు

ఇక్కడికి వచ్చేసరికి నాకు నా రికార్డు గుర్తొచ్చింది. లైసెన్సు అంటే ఏంటి? బొమ్మలు ఇస్తారు, కొలతలు ఇస్తారు, లోహం ఏ రకమో చెబుతారు. ఇక్కడ 68 అని ఉంటుంది. 67 ఎందుకు కాదో, 70 ఎందుకు కాదో అందులో ఉండదు. అది టొరినోలో ఇంజినీర్ల బుర్రల్లో, వాళ్ళు పాడు చేసిన నమూనాల్లో, కొట్టేసిన లెక్కల్లో ఉంటుంది. సీనియర్ రికార్డు కూడా అంతే. గ్రాఫు ఉంటుంది, ఆయన ఎన్నిసార్లు రీడింగు తప్పి మళ్ళీ తీశాడో ఉండదు.

సరే, సారు అడిగిన రెండో ప్రశ్నకు నేను కష్టపడి తెలుసుకున్న జవాబు ఇక్కడ చెప్పేస్తాను, మీకు వైవాలో పనికొస్తుంది. "స్ట్రోక్ ఎక్కువైతే టార్క్ ఎక్కువ" అని మనమంతా బట్టీ పడతాం. సగమే నిజం. సీసీ మార్చకుండా స్ట్రోక్ పెంచితే క్రాంక్ చేయి పొడవవుతుంది, నిజమే. కానీ బోరు తగ్గాలి కాబట్టి పిస్టన్ మీద పడే బలం తగ్గుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. మరి తేడా ఎక్కడ? బోరు చిన్నదైతే వాల్వులు పెట్టే చోటు చిన్నదవుతుంది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. ఆ వాల్వుల సైజుకు తగ్గట్టు ఇంజిన్‌ను తక్కువ వేగంలోనే బాగా లాగేటట్టు సర్దుతారు. అదే మనకు "లాగుడు"గా తెలుస్తుంది. పైగా నాలుగు చిన్న బోర్లు వరసగా పెడితే ఇంజిన్ పొట్టిగా ఉంటుంది, మంట మండే గది చిన్నగా కుదురుగా ఉంటుంది.

దీనికి ఒక ఖర్చు ఉంది: పిస్టన్ వేగం. నిమిషానికి 4800 చుట్లు అంటే సెకనుకు 80. ఒక్కో చుట్టుకు పిస్టన్ 75 మి.మీ. పైకి, 75 మి.మీ. కిందికి పోవాలి. గుణిస్తే సెకనుకు 12 మీటర్లు. 1937 నాటి లోహాలు, నూనెలు, రింగులతో అంతకు మించి ఎక్కువగా పరిగెత్తించడం అరుగుదలకు దారి. రోడ్లు, పెట్రోలు, లోహాలు మారితే ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి. వాళ్ళు వేసుకున్నారు. 128 ఇంజిన్‌లో బోరు స్ట్రోక్‌ను దాటిపోయింది.

మనం ఎందుకు వేసుకోలేదు? "మనవాళ్ళకు తెలివి లేదు" అని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక. నేనూ మొదట అదే అనుకున్నా. కానీ లెక్క చూస్తే వేరుగా ఉంది. కారు బాడీ రేకును నొక్కే అచ్చులకు, ప్రెస్సులకు భారీ ఖర్చు. ఆ ఖర్చును ఎన్ని కార్ల మీద పంచుతామన్నదే అసలు ప్రశ్న. లక్షల కార్లు అమ్మేవాడికి ఒక్కో కారు మీద చిల్లర పడుతుంది. మన దగ్గర ఎన్ని కార్లు తయారు చేయాలో లైసెన్సు చెప్పేది. ఎంతకు అమ్మాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. ఆ ధర గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంకోవైపు, తయారైన ప్రతి కారుకూ ఎదురుచూసే కొనుగోలుదారు ఉన్నాడు. మార్చడానికి డబ్బు కష్టం, మార్చకపోతే నష్టం లేదు. ఎవరైనా ఏం చేస్తారు? ల్యాబ్‌లో ఎవరూ అడగనప్పుడు మనం ఏం చేస్తున్నాం?

1985లో ప్రీమియర్ కొత్త కారు 118 ఎన్ఈ తెచ్చింది. అందరూ కొత్తదన్నారు. దాని బాడీ 1966 నాటి ఫియట్ 124ది. ఆ అచ్చులు స్పెయిన్‌లో సియట్ కంపెనీ వాడి పక్కన పెట్టినవి. ఇంజిన్ జపాన్ నిస్సాన్ వాళ్ళది, 1171 సీసీ. అంటే ఒక సీనియర్ రికార్డులోంచి బొమ్మలు, ఇంకో సీనియర్ రికార్డులోంచి రీడింగులు. మనందరికీ తెలిసిన టెక్నిక్కే!

అదే కాపీ, వేరే క్లాసు

అయితే ఫియట్ దగ్గర బొమ్మలు తీసుకున్నది మనం ఒక్కళ్ళమే కాదు. 1966లో సోవియట్ యూనియన్ ఫియట్ 124ను తయారు చేయడానికి ఒప్పందం చేసుకుంది. 1970లో కార్లు బయటికి వచ్చాయి. కానీ వాళ్ళు ముందుగా ఇటలీ కార్లను తమ రోడ్ల మీద నడిపి విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత వందల మార్పులు చేశారు. రేకు మందం పెంచారు, నేలకూ కారుకూ ఎడం పెంచారు, బురదలో పాడవుతున్నాయని వెనక డిస్క్ బ్రేకులు తీసి డ్రమ్ములు పెట్టారు, ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను పైకి మార్చారు. డిస్క్ తీసి డ్రమ్ము పెట్టడం చూడ్డానికి వెనకడుగు. కానీ అది ప్రశ్న అడిగి వేసిన అడుగు.

ఇంకో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. ఫియట్ 132 అని 1972లో వచ్చిన పెద్ద సెడాన్ ఉంది. ఇటలీలో నిజంగానే ఆఫీసర్ల తరగతి కారు. 1979 నుంచి కొన్నేళ్ళు దాన్ని దక్షిణ కొరియాలో విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మిన కంపెనీ ఏదో తెలుసా? కియా. అవును, మా గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ దాటి, నంద్యాల, అనంతపురం మీదుగా పోతే వచ్చే పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారు చేస్తున్న అదే కియా. ఒకప్పుడు ఫియట్ ముందు మనలాగే చేయి చాచిన కంపెనీ, నలభై ఏళ్ళకు మన గడ్డ మీద తన సొంత కారుతో వచ్చి నిలబడింది. కొరియాలో ఆ కంపెనీలకు సొంత ప్రభుత్వం నుంచీ, ఎగుమతి మార్కెట్ నుంచీ "ఇది బయట అమ్ముడుపోతుందా?" అనే వైవా ఎప్పుడూ ఉండేది. మన వాళ్ళకు ఆ వైవా 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక గానీ మొదలు కాలేదు. ఆ మారుతిలో ఇంజిన్ అడ్డంగా ఉంది, శక్తి ముందు చక్రాలకే పోతుంది. 128లో జకోసా కుదిర్చిన దారి, మన దగ్గరికి జపాన్ చుట్టూ తిరిగి వచ్చింది.

మా నాయన వాదన

ఇదంతా నేను షెడ్డులో కూర్చుని ఉపన్యాసంలా చెబుతుంటే మా నాయన కార్బురేటర్ కడుగుతూ విన్నాడు. చివరికి ఒకటే మాట అన్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, మారకపోబట్టే కదరా మనం బతికింది."

ఆ మాట కొట్టిపారేసేది కాదు. ముప్పై ఏళ్ళు ఒకే కారు ఉండటం వల్ల దాని ప్రతి వాషర్ మార్కాపురంలో దొరికేది. ప్రతి భాగమూ ఇక్కడే చేయాలన్న రూలు వల్ల పోత పోసేవాళ్ళు, పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు, గేర్లు చేసేవాళ్ళు దేశమంతటా పుట్టుకొచ్చారు. తర్వాత వచ్చిన కంపెనీలకు కావాల్సిన పనివాళ్ళు ఒక్కరోజులో ఆకాశం నుంచి ఊడిపడలేదు. చదువు పెద్దగా లేని మా నాయనలాంటి వాళ్ళు నాలుగు పానాలతో ఆ ఇంజిన్‌ను విప్పి బిగించగలిగారు. ఇవాళ సెన్సర్ పోయిన కారు మా ఊరికి వస్తే, "ఒంగోలు తీసుకుపో అన్నా" అని చెప్పడమే ఆయన చేయగలిగింది.

పైగా ఆయన మార్పులు చేయలేదని ఎవరన్నారు? మా పడమటి ప్రకాశం బోరు నీళ్ళు ఎట్లాంటివో మీకు తెలుసు. స్టీలు బిందె అడుగున తెల్లగా గట్టిగా పేరుకుంటుందే, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. గొట్టం సన్నబడితే నీళ్ళు తిరగవు, వేడి బయటికి పోదు. డాక్టరు గారు ఒక ఎండాకాలం నంద్యాల పోతూ ఘాట్‌లో ఆవిర్లు కక్కుతున్న బండిని ఆపుకున్నారు. ఇంజిన్ బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టులు కదలనివ్వవు, హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. తప్పు కారుది కాదు, మనం పోసిన నీళ్ళది. అప్పటి నుంచి మా నాయన ఆ కారుకు బోరు నీళ్ళు ముట్టనివ్వలేదు. కంభం పోయినప్పుడల్లా చెరువు నీళ్ళు క్యాన్లో పట్టుకొచ్చి, బట్టలో వడగట్టి పోసేవాడు. సోవియట్ ఇంజినీర్లు చేసిన పనే ఇది. తమ నేలకు తగ్గట్టు ఆలోచించడం. కాకపోతే ఇది కుర్లా దాకా పోయే దారి లేదు. బేస్తవారిపేట షెడ్డులో తెలిసింది ఫ్యాక్టరీ బొమ్మలోకి ఎక్కితేనే దాన్ని డెవలప్‌మెంట్ అంటారు. మన దగ్గర తెగిపోయింది ఆ తీగ.

రీడింగులు

చివరికి కారు సంగతి తేల్చాలి కదా. జాకీ పెట్టి ఎత్తి, కింద పడుకుని చూశాను. తలుపుల కింద అంచుల రేకు తుప్పు పట్టి స్క్రూడ్రైవర్ పొడిస్తే లోపలికి దిగిపోతోంది. రెండు పక్కలా అంతే. పాతకాలం ఛాసిస్ కారు అయితే పైన ప్యాచీ వేసి నడిపించొచ్చు. ఇది మోనోకాక్. ఆ అంచులే దీని ఎముకలు. చిరిగిన అగ్గిపెట్టెకు రంగు వేస్తే బలం రాదు. "బాడీ పనికిరాదు నాయనా" అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "డాక్టరు గారు రాత్రి పూట కాన్పులకు పోయింది దీంట్లోనే" అన్నాడు. అంతే.

ఇంజిన్ మాత్రం ఉంచుకుందామన్నాను. హెడ్ విప్పాం. మార్కాపురంలో ఒక లేత్ షాపాయన దగ్గర బోర్ గేజ్ అడిగి తెచ్చాను. ఈసారి ప్రతి సిలిండర్‌కూ మూడు లోతుల్లో, రెండు దిక్కుల్లో కొలిచాను. మొదటి రీడింగు చూసి గేజ్ పాడైందనుకున్నా. 68 రావాల్సిన చోట, అరగని పై అంచులో, 68.40 చూపిస్తోంది. మళ్ళీ కొలిచా. మళ్ళీ అదే. మా నాయన నవ్వాడు. "మీ తాత ఉన్నప్పుడు ఒకసారి బోరు చేయించాం. 40 ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం" అన్నాడు.

అంటే వైవాలో నేను ఛాతీ విరుచుకుని చెప్పిన 68 కూడా ఈ ఇంజిన్‌ది కాదు! అది పుస్తకంలో ఇంజిన్‌ది. 68.4, 75, నాలుగు సిలిండర్లు. లెక్క వేస్తే 1102 సీసీ. ఇన్నేళ్ళుగా మా ఇంటి వెనక ఉన్న ఇంజిన్ గురించి కూడా నేను కొలవకుండానే మాట్లాడాను.

రింగులు తిరిగే చోట పైన 68.60, కింద 68.43 వచ్చింది. మా నాయన సిలిండర్‌లో వేలు పెట్టి, పై అంచు దగ్గర ఉన్న చిన్న మెట్టును తడిమి, "ఎన్ని ఇంజిన్లు విప్పినా అరుగుడు ఎప్పుడూ పైనే ఎక్కువ. నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నా. ఎందుకట్టా?" అని అడిగాడు.

మా నాయన నన్ను "ఎందుకు" అని అడగడం అదే మొదటిసారి. నేను వెంటనే జవాబు చెప్పలేదు. కాగితం తీసుకుని బొమ్మ గీశాను. పిస్టన్ పైకి వచ్చి ఆగి వెనక్కి తిరిగే చోట క్షణం పాటు కదలిక ఉండదు, నూనె పొర పలచబడుతుంది, సరిగ్గా అప్పుడే మంట ఒత్తిడి రింగులను గోడకేసి నొక్కుతుంది... చెబుతూ ఉంటే ఆయన మధ్యలో ఆపి, "అయితే ఆ పక్క కన్నా ఈ పక్క ఎందుకు ఎక్కువ?" అన్నాడు. రీడింగులు చూశాను. నిజమే, ఒక దిక్కున ఎక్కువ ఉంది. మళ్ళీ కాగితం తీశాను.

బాడీ ఇనుముకు వెళ్ళిపోయింది. ఆ డబ్బు ఈ సెమిస్టర్ ఫీజులో కలిసింది. ఇంజిన్ షెడ్డులో చెక్క స్టాండు మీద ఉంది. నా కొత్త రికార్డులో మొదటి పేజీలో దాని రీడింగులు ఉన్నాయి, కొట్టివేతలతో సహా. జూనియర్స్ ఎవరికైనా కావాలంటే చూపిస్తాను. దించుకోవడానికి మాత్రం ఇవ్వను.